గోడకు తడి ఎక్కడిది?

(మాధవరంలో, కొత్తగా చదువు నేర్చిన మహిళల కూటమిలో చేసిన ప్రసంగం)



ఈ పూట మాట గోడ గురించి. గోడ మీద నల్లమచ్చలు. గోడ కింద తెల్లటి ఉప్పు. పెచ్చులు పెచ్చులుగా రాలే సున్నం. పెట్టె వెనక పట్టిన బూజు. వీటి గురించి.

“మాది వానలు తక్కువ సీమ. మాకు నెమ్ము గోల ఏంది?” అని ఎవరైనా అడగవచ్చు. మాట నిజమే. కర్నూలు జిల్లాలో ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల లోపే వాన పడుతుంది. కానీ ఆ కాస్త వాన కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. మన పాత ఇళ్ళు ఎండకు కట్టినవి. మందం గోడలు, చిన్న కిటికీలు, చదును మిద్దెలు. ఎండాకాలంలో అవి చల్లగా ఉంటాయి. అదే గోడ ఒకసారి తడిసిందంటే తొందరగా ఆరదు.

సొంత ఇల్లయితే కూడబెట్టుకుని బాగు చేసుకోవచ్చు. బాడుగ ఇల్లయితే? పిల్లల చదువు కోసమో, పత్తి మిల్లులో పని కోసమో ఆదోనికి పోయిన సంసారాలు ఉన్నాయి. మగ్గం పని కోసం ఎమ్మిగనూరులో ఒక గది తీసుకున్న సంసారాలు ఉన్నాయి. అలాంటి వాళ్ళ బాధ ఒకటే. గోడ ఇంటాయనది. దగ్గు మాత్రం తమ పిల్లోళ్ళది.

ఈ పూట చెప్పే మాట కూడా ఒకటే. మచ్చ మీద సున్నం కొడితే మచ్చ దాగుతుంది. తడి పోదు. ముందు తడి ఎక్కడ నుంచి వస్తోందో కనిపెట్టాలి. ఆ దారి మూయాలి. ఆ తర్వాతే సున్నం.

బూజు అంటే ఏమిటి?

జొన్నరొట్టె అందరూ చేసేదే. బాగా ఎండిన గట్టి రొట్టె ఎన్ని రోజులున్నా బూజు పట్టదు. అదే రొట్టెను వేడి వేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే? ఆవిరి లోపలే నిలుస్తుంది. రెండు మూడు రోజులకు రొట్టె మీద పచ్చగా, నల్లగా నూగు లేస్తుంది. పిండి అదే. చేసిన చెయ్యి అదే. తేడా అల్లా తడి.

బూజు కూడా ఒక ప్రాణమే. పుట్టగొడుగు జాతిది. దాని విత్తనాలు కంటికి కనబడవు. అవి గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. వాటిని ఎవరూ ఆపలేరు. తడి దొరికిన చోట అవి మొలుస్తాయి. తడి లేని చోట ఊరికే పడి ఉంటాయి. అందుకే బూజును చంపడం సగం పని. తడిని ఆపడం అసలు పని.

తడి వచ్చే దారులు నాలుగు

మొదటి దారి పై నుంచి.

మన మట్టి మిద్దె ఎలా కడతారో పెద్దవాళ్ళకు తెలుసు. కింద దూలాలు. వాటి మీద కట్టెలో, బండలో. ఆపైన మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. చౌడే ఎందుకు? చౌడు మట్టికి ఒక గుణముంది. తడవగానే మెత్తగా విచ్చుకుని సందులన్నీ పూడ్చేస్తుంది. నీళ్ళు కిందికి దిగవు. దాని మీద గడ్డి కూడా సరిగా మొలవదు. గడ్డి మొలవకపోతే వేళ్ళు దిగవు. వేళ్ళు దిగకపోతే రంధ్రాలు పడవు. ఇది చదువు లేని రోజుల్లోనే పెద్దలు కనిపెట్టిన శాస్త్రం.

కానీ వానకు చౌడు కొట్టుకుపోతుంది. అందుకే వానలకు ముందు మిద్దె మీద కొత్త చౌడు పరిచి తొక్కాలి. ఒక ఏడు మానేస్తే మిద్దె ఉరుస్తుంది. బాడుగ ఇంట్లో ఈ పని ఎవరిదని తేలదు. ఇంటాయన వాళ్ళు చేసుకుంటార్లే అనుకుంటాడు. ఉన్నవాళ్ళు ఆయన చేయిస్తాడులే అనుకుంటారు. మధ్యలో వాన వస్తుంది.

సిమెంటు మిద్దెకు వేరే రోగం. ఆకులు, మట్టి పడి నీళ్ళు పోయే గొట్టం పూడుతుంది. నీళ్ళు మిద్దె మీదే నిలుస్తాయి. సన్నని పగులు ఉన్నా చాలు, దిగుతాయి.

రెండో దారి కింది నుంచి.

దీపంలో వత్తిని చూడండి. నూనె కింద ఉంటుంది. వత్తి దాన్ని పైకి పీల్చుకుంటుంది. గోడ కూడా అంతే. మట్టిలో, ఇటుకలో, పాత పూతలో కంటికి కనబడని సందులుంటాయి. నేలలోని నీళ్ళు ఆ సందుల్లో పైకి ఎక్కుతాయి. మోకాలెత్తు, ఒక్కోసారి నడుమెత్తు దాకా ఎక్కుతాయి.

నీళ్ళతో పాటు నేలలోని ఉప్పు కూడా ఎక్కుతుంది. నీళ్ళు గాలికి ఆరిపోతాయి. ఉప్పు గోడలోనే నిలిచిపోతుంది. నిలిచిన ఉప్పు గట్టిపడి ఉబ్బుతుంది. ఉబ్బి సున్నాన్ని నెట్టేస్తుంది. అందుకే పెచ్చులు రాలుతాయి. మిద్దె మీద చౌడు మేలు చేస్తుంది. గోడలో చౌడు కీడు చేస్తుంది.

ఈ దారి ఈ మధ్య ఎక్కువైంది. కారణం వీధి. పాత ఇల్లు అదే ఎత్తులో ఉంది. వీధిలో సిమెంటు రోడ్డు వేశారు. దాని మీద మళ్ళీ ఇంకో రోడ్డు వేశారు. వీధి పైకి లేచింది. ఇల్లు గుంటలో పడింది. వీధి నీళ్ళు గోడ కాళ్ళ దగ్గర నిలుస్తున్నాయి.

మూడో దారి పక్క నుంచి.

గోడకు అవతల ఏముందో చూడాలి. పక్కింటి జాలాడి ఉందా? నీళ్ళ తొట్టి కారుతోందా? గోడలో కుళాయి గొట్టం ఉందా? మురికి కాలువ గోడను ఆనుకుని పోతోందా? ఇవన్నీ గోడను తడిపేవే. ఇది వానతో పని లేని తడి. ఎండాకాలంలో కూడా ఆరదు.

నాలుగో దారి ఇంట్లో నుంచే.

అన్నం వార్చిన ఆవిరి, నీళ్ళు కాచిన ఆవిరి, లోపల ఆరేసిన బట్టల తడి, ఒకే గదిలో ఐదారుగురు పడుకుంటే వాళ్ళ ఊపిరి తడి. ఇదంతా గాలిలో కలుస్తుంది. కిటికీ మూసి ఉంటే బయటికి పోదు. చల్లగా ఉన్న గోడ మీద వాలుతుంది. చల్లనీళ్ళ చెంబుకు బయట చెమట పట్టినట్టు గోడకు చెమట పడుతుంది. పాత మిద్దెల్లో గవాచి ఉండేది. పొగ, ఆవిరి అందులో నుంచి పైకి పోయేవి. వాన పడుతుందని గవాచిని బండతో మూసి, మళ్ళీ తెరవడం మరిచిపోతే ఆవిరి ఇంట్లోనే తిరుగుతుంది.

ఇంకో మాట. వానాకాలం పోయాక మన పక్క ఊళ్ళ నుంచి ఎన్నో సంసారాలు మిరప కోతకు గుంటూరు వైపు వలస పోతాయి. ఇల్లు నెలల తరబడి మూసి ఉంటుంది. అప్పటికి గోడలు పూర్తిగా ఆరి ఉండవు. తిరిగి వచ్చి తలుపు తీస్తే బొంతలకు, చాపలకు బూజు. పోయే ముందు బట్టలు ఎండలో వేసి మూట కట్టాలి. దగ్గరి వాళ్ళకు తాళం ఇచ్చి, వారానికి ఒకసారి తలుపులు తెరవమని చెప్పిపోవాలి.

ఏ దారో తెలుసుకోవడం ఎలా?

గోడనే అడగాలి. మచ్చ ఉన్న చోటు సగం సంగతి చెబుతుంది.

మచ్చ మిద్దె దగ్గర, గోడ పైభాగాన ఉంటే తడి పై నుంచి వచ్చింది.

కింద నుంచి మొదలై మోకాలెత్తుకో, నడుమెత్తుకో ఆగితే నేల నుంచి వచ్చింది. తెల్లటి ఉప్పు కూడా ఉంటే అనుమానం అక్కరలేదు.

ఒకే చోట గుండ్రంగా ఉండి ఎండాకాలంలో కూడా ఆరకపోతే అది కుళాయి గొట్టమో, పక్కింటి జాలాడో.

మూలల్లో, పెట్టెల వెనక, వంటింట్లో నల్లచుక్కలు లేస్తే అది ఇంట్లోని ఆవిరి.

అప్పటికీ తేలకపోతే ఒక పరీక్ష ఉంది. ప్లాస్టిక్ కాగితం ముక్క తీసుకోండి. మచ్చ మీద పెట్టి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అతికించండి. రెండు రోజులు ఉంచండి. ప్లాస్టిక్ వెనక, గోడ వైపు నీటిబొట్లు కడితే తడి గోడలో ఉంది. గది వైపు, పైన బొట్లు కడితే తడి గదిలోని గాలిలో ఉంది.

చదువు నేర్చిన చేతికి ఇంకో మంచి పని ఉంది. పెన్సిలు తీసుకోండి. మచ్చ అంచు వెంబడి గోడ మీద గీత గీయండి. పక్కన తేదీ రాయండి. ఎనిమిది రోజుల తర్వాత చూడండి. వాన వచ్చిన మర్నాడు చూడండి. మచ్చ గీత దాటిందా? దాటితే మళ్ళీ గీత, మళ్ళీ తేదీ. నెల తిరిగేసరికి గోడే ఒక పుస్తకం అవుతుంది. వానకు పెరిగే మచ్చ ఏదో, వానతో పని లేని మచ్చ ఏదో అందులో చదువుకోవచ్చు. రేపు ఇంటాయన వచ్చి “ఇది పాత మచ్చేలే” అంటే, తేదీలే జవాబు చెబుతాయి.

సున్నమా, సిమెంటా?

గోడ రాలుతోందంటే చాలామంది మొదట సిమెంటు పూయిస్తారు. మట్టి గోడకు, మట్టితో కట్టిన రాతి గోడకు సిమెంటు పూత మంచిది కాదు.

మళ్ళీ రొట్టె దగ్గరికే వద్దాం. వేడి రొట్టెను వెదురు బుట్టలో బట్ట మీద పెడితే ఆవిరి బయటికి పోతుంది. స్టీలు డబ్బాలో పెడితే చెమట పడుతుంది. సున్నం పూత బుట్ట లాంటిది. గోడలో తడి దాని గుండా బయటికి వచ్చి ఆరిపోతుంది. సిమెంటు పూత డబ్బా లాంటిది. తడి లోపలే ఉంటుంది. దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. మోకాలెత్తు మచ్చ నడుమెత్తు అవుతుంది. పైకి గోడ గట్టిగా కనబడుతుంది. లోపల మట్టి నానుతూ ఉంటుంది. అది ఇంకా ప్రమాదం.

సున్నానికి ఇంకో గుణముంది. దానిలో ఘాటు ఉంది. ఆ ఘాటుకు బూజు తొందరగా మొలవదు. కానీ సున్నం పని జాగ్రత్తగా చేయాలి. సున్నపు రాళ్ళు నీళ్ళలో వేస్తే బుసబుస పొంగి కాగుతాయి. పిల్లల్ని దగ్గరికి రానీయకూడదు. కంట్లో పడితే నలపకూడదు. పావుగంట సేపు మంచినీళ్ళు ధారగా పోసి కడగాలి. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

2009 వరద చెప్పిన పాఠం

2009 అక్టోబరు మొదటి రోజుల్లో తుంగభద్ర పొంగింది. మంత్రాలయం మునిగింది. రాఘవేంద్రస్వామి మఠంలోకి నీళ్ళు వచ్చాయి. కర్నూలు నగరం నీళ్ళలో నిలిచింది. నది పక్క పల్లెల్లో ఇళ్ళు కూలాయి.

వరద తీసిన తర్వాత గోడ పైకి ఆరినట్టు కనబడుతుంది. లోపల తడి వారాలు, నెలలు ఉంటుంది. మందం గోడకు ఇంకా ఎక్కువ కాలం. ఆరక ముందే పూత పూస్తే ఆ పూత నిలవదు. ముందు నానిన పాత పూతను గీకేయాలి. పెట్టెలు, మంచాలు బయట పెట్టాలి. తలుపులు, కిటికీలు ఎదురెదురుగా తెరిచి గాలి ఆడనివ్వాలి. గోడను ఆరనివ్వడం కూడా ఒక పనే. దానికి డబ్బు పట్టదు. ఓర్పు పడుతుంది.

చోటు తప్పిన తడి

తడి అంటే అన్ని వేళలా చెడ్డదా? కాదు. ఎమ్మిగనూరు నేతవాళ్ళను అడగండి. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. అప్పటి నుంచి ఆ ఊరు చేనేతకు ఇంకా పేరు పొందింది. గుంత మగ్గం మీద కూర్చునేవాళ్ళకు నేల చల్లదనం కావాలి. గాలి మరీ పొడిగా ఉంటే నూలు పోగు తెగుతుంది. కాస్త తేమ ఉంటే పోగు సాగుతుంది. అదే తేమ హద్దు మీరితే? వాన రోజుల్లో మగ్గం గుంతలో నీళ్ళు ఊరుతాయి. పని ఆగుతుంది. కూలి పోతుంది. నేసిన గుడ్డకు మచ్చ పడుతుంది.

ఆదోని పత్తి సంగతీ అంతే. పత్తిలో తేమ 8 శాతం దాకా ఉంటే సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ధర కోస్తుంది. 12 శాతం దాటితే కొనదు. అంటే పత్తికి తడి లెక్క ఉంది. బిడ్డ పడుకునే గదికి లెక్క చూసేవాళ్ళు లేరు. ఆ లెక్క తల్లే చూడాలి.

ఒంటికి చేటు, తిండికి చేటు

2009లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంట్లోని నెమ్ము, బూజు గురించి ఒక పుస్తకం వేసింది. నెమ్ము ఇళ్ళలో ఉండేవాళ్ళకు దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా వస్తాయని అందులో చెప్పింది. పసిపిల్లలకు, ముసలివాళ్ళకు, ముందే ఉబ్బసం ఉన్నవాళ్ళకు బాధ ఎక్కువ.

బిడ్డ దగ్గుతుంటే ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోవాలి. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు గడియారం చూసి ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50 లేక అంతకు మించి, ఏడాది నుంచి ఐదేళ్ళ బిడ్డకు 40 లేక అంతకు మించి ఊపిరి పడుతుంటే అది ఉత్త జలుబు కాదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఒక్క గడియ కూడా ఆగకూడదు. రెండు నెలలు కూడా నిండని పసికందుకు ఊపిరి కష్టంగా ఉంటే లెక్క అక్కరలేదు. వెంటనే తీసుకుపోవాలి.

నెమ్ము గోడకు ఆనించిన మూట కూడా చెడుతుంది. జొన్నలు, బియ్యం, బుడ్డలు అన్నీ. బూజు పట్టిన బుడ్డలు తినకూడదు. అందులో పుట్టే విషం కాలేయాన్ని పాడు చేస్తుంది. వేయించినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్నారు. నూరు మందికి పైగా చనిపోయారు. కాబట్టి మూటలు గోడకు జానెడు దూరంలో, నేలకు ఎత్తుగా బండ మీదో పలక మీదో పెట్టాలి.

కాగితాలు కూడా జాగ్రత్త. రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పొదుపు సంఘం పుస్తకం, భూమి పాసు పుస్తకం. తడి ఉన్న చోటికి చెదలు వస్తాయి. వాటిని కవర్లో పెట్టి ఎత్తున, పొడిగా ఉండే చోట దాచాలి.

బూజును కడగడం

చిన్న మచ్చలయితే ఇంట్లోవాళ్ళే కడుక్కోవచ్చు.

పొడి చీపురుతో ఊడ్చకూడదు. ఊడిస్తే బూజు పొడి లేచి ఊపిరిలోకి పోతుంది. ముందు మచ్చను తడపాలి. ముక్కుకు, నోటికి బట్ట కట్టుకోవాలి. కిటికీ తెరవాలి. పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు బయట ఉండాలి. సబ్బునీళ్ళతో బ్రష్షు పెట్టి రుద్ది, బట్టతో తుడిచి, బాగా ఆరనివ్వాలి. ఆ బట్టను తర్వాత పారేయాలి. మట్టి గోడను ఎక్కువ నీళ్ళతో కడగకూడదు. తడి బట్టతో తుడిస్తే చాలు.

బ్లీచింగు పొడిని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ కలపకూడదు. విషపు గాలి పుడుతుంది. మూసిన గదిలో ప్రాణం మీదికి వస్తుంది.

ఇంటాయనతో మాట్లాడడం

ఇక కష్టమైన మాట. గోడ సంగతి ఇంటాయనకు ఎలా చెప్పాలి? “అడిగితే ఖాళీ చేయమంటాడేమో” అనే భయం ఉత్త భయం కాదు. బాడుగ ఇల్లు దొరకడం కష్టం. పిల్లల బడి దగ్గర దొరకడం ఇంకా కష్టం. అందుకే నోరు మూసుకుని బొంత కొంచెం ముందుకు జరుపుకుంటారు.

ఇంటాయన ప్రతిసారీ చెడ్డవాడే అనుకోనక్కరలేదు. ఆయన ఆ గదిలో పడుకోడు. ఆయనకు కనబడదు. కనబడేటట్టు చెప్పాలి. ఒక అక్క ఇలా మాట్లాడిందనుకుందాం.

“అన్నా, తూర్పు గది గోడ నెమ్మెక్కింది. ఒకసారి వచ్చి చూడన్నా.”

“ప్రతి ఏడూ ఉండేదేలేమ్మా. పండగకు సున్నం కొట్టిస్తే పోతాది.”

“పోయిన పండగకు కొట్టిస్తివి కదన్నా. నెలకే రాలిపాయె. వీధి నీళ్ళు గోడ కింద నిలుస్తాండాయి. ఈ గీతలు చూడు, తేదీలు రాసి పెట్టినా. వాన పడినప్పుడల్లా పైకి ఎక్కుతాంది.”

“మరి ఏం చేయమంటావు?”

“గోడ పక్కన మట్టి ఎత్తు చేసి, నీళ్ళు అవతలికి పోయేటట్టు చేపించు. సున్నం, ఇసుక నువ్వు ఇప్పించు. పూత పని మేము చేసుకుంటాం. గోడ నీదే కదన్నా. నానిపోతే నష్టం నీకే.”

ఈ అక్క అరవలేదు. ఏడవలేదు. మూడు పనులు చేసింది. తడి ఎక్కడ నుంచి వస్తోందో చెప్పింది. ఏం చేయాలో చెప్పింది. తాను ఏం చేస్తానో చెప్పింది. “గోడ బాగాలేదు” అంటే ఎవరికీ పని తెలియదు. “ఈ పని కావాలి” అంటే తెలుస్తుంది.

ఎవరి పని ఎవరిదో మొదటే అనుకోవడం మేలు. మిద్దె చౌడు, పగుళ్ళు, గొట్టాలు, గోడ పక్క నీళ్ళ దారి, ఇవి ఇంటి పనులు. ఇంటాయన చూడాలి. గాలి ఆడనివ్వడం, పెట్టెలు జరపడం, బట్టలు బయట ఆరేయడం, మిద్దె మీద ఆకులు తీయడం, ఇవి ఉండేవాళ్ళు చూసుకోవాలి. వీధి కాలువ పనికి మాత్రం ఇద్దరూ కలిసి పంచాయతీకో, మున్సిపాలిటీకో అర్జీ ఇవ్వాలి. వీధి అందరిదీ. పది సంతకాలుంటే అర్జీకి బలం.

మాటతో కాకపోతే చీటీ రాయాలి. చీటీ ఇలా ఉండవచ్చు.

ఇంటి యజమాని గారికి,
నమస్కారం.
మీ ఇంట్లో బాడుగకు ఉంటున్నాము. తూర్పు గది గోడ మోకాలెత్తు వరకు తడిసింది. వీధి నీళ్ళు గోడ పక్కన నిలుస్తున్నాయి. సున్నం రాలుతోంది. పాపకు దగ్గు తగ్గడం లేదు.
గోడ పక్కన నీళ్ళు పోయే దారి చేయించండి. సున్నం, ఇసుక ఇప్పిస్తే పూత పని మేము చేసుకుంటాము. 15 రోజుల లోపల వచ్చి చూడగలరు.
తేదీ: ..........
సంతకం: ..........

రెండు ప్రతులు రాయాలి. ఒకటి ఇచ్చి, ఇంకొకటి దాచుకోవాలి. గోడకు ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోవాలి. బాడుగ కట్టినప్పుడల్లా రసీదు అడగాలి. రసీదు లేకపోతే ఒక నోటు పుస్తకంలో తేదీ, మొత్తం రాసి సంతకం చేయించుకోవాలి.

చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. ఇంటాయన చేయించాల్సిన మరమ్మతు ఉంది. ఆయనకు తెలియజేశారు. తగినంత కాలం గడిచినా చేయించలేదు. అప్పుడు బాడుగకు ఉన్నవాళ్ళే చేయించుకుని, ఆ ఖర్చు బాడుగలో తగ్గించుకోవచ్చు. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం ఉంటే మాత్రం ఆ ఒప్పందమే చెల్లుతుంది. అందుకే ఇల్లు తీసుకునే రోజే “మరమ్మతు ఎవరిది?” అని అడగాలి. కాగితం మీద రాయించుకోవాలి. ఇచ్చిన కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టకూడదు. వేలిముద్ర రోజుల్లో చదవమని ఇంకొకరిని బతిమాలాలి. ఇప్పుడు మీ కళ్ళే చదువుతాయి.

ఎవరూ తొందరపడి తమంతట తామే బాడుగ కోయకూడదు. ముందు సలహా అడగాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు న్యాయ సహాయం ఉచితం. వాళ్ళ రాబడి ఎంతని చూడరు. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. మాట్లాడడానికి పోయేటప్పుడు ఒంటరిగా పోకుండా పొదుపు సంఘం అక్కలు ఇద్దరు తోడుంటే మంచిది.

ఆగకూడని గుర్తులు

కొన్ని గుర్తులు కనబడితే చీటీలు రాస్తూ కూర్చోకూడదు.

గోడ కడుపు ఉబ్బినట్టు ముందుకు వస్తే. పగులులో వేలు పట్టేంత సందు పడితే. మిద్దె నుంచి మట్టి రాలుతూ ఉంటే. దూలం వంగితే, కిర్రుమంటే. తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోతే. ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోకూడదు. ముసురు పట్టినప్పుడు మట్టి మిద్దెలు కూలేది ఎక్కువగా అందరూ నిద్రలో ఉన్నప్పుడే అయితే, లేచి పరుగెత్తే వ్యవధి ఉండదు. సామాను తర్వాత తెచ్చుకోవచ్చు. ముందు పిల్లల్ని, ముసలివాళ్ళను బయటికి తేవాలి. బడిలోనో, చుట్టాల ఇంట్లోనో ఉండాలి.

తడి గోడ మీద స్విచ్చి బోర్డు ఉంటే అది కూడా ప్రమాదమే. గోడ తాకితే జిల్లుమన్నదంటే మళ్ళీ తాకకూడదు. మెయిన్ ఉన్న చోటు పొడిగా ఉంటే ఆపాలి. లేకపోతే లైన్‌మన్‌కు కబురు చేయాలి.

అక్కలారా,

గోడ సంగతి చిన్నదిగా కనబడుతుంది. కానీ మగవాళ్ళు పనికి పోతారు. పిల్లలు బడికి పోతారు. ఇంట్లో ఆ గోడల మధ్య ఎక్కువ సేపు ఉండేది ఆడవాళ్ళు, పసిపిల్లలు, ముసలివాళ్ళు. అందుకే గోడను మొదట చదవాల్సింది ఆడవాళ్ళే.

ఇంటికి పోయి మచ్చ చుట్టూ గీత గీయండి. తేదీ రాయండి. వచ్చే వారం కూటమికి ఆ తేదీలు రాసుకుని రండి. ఎవరి గోడకు ఏ దారిలో తడి వస్తోందో కలిసి చూద్దాం.

గుర్తుంచుకోండి

1. ముందు తడి దారి, తర్వాత సున్నం.
2. మట్టి గోడకు సిమెంటు పూత వద్దు. సున్నం మేలు.
3. మూటలు, పెట్టెలు గోడకు జానెడు దూరం.
4. బూజును పొడిగా ఊడ్చకూడదు. తడిపి తుడవాలి.
5. బూజు పట్టిన బుడ్డలు తినకూడదు.
6. ఇంటాయనకు చీటీ రాయాలి. ఒక ప్రతి దాచుకోవాలి.
7. గోడ ఉబ్బితే, మిద్దె మట్టి రాలితే వెంటనే బయటికి.

చదివారు కదా, చెప్పండి

1. మీ ఇంట్లో తడి ఏ దారిలో వస్తోంది? ఎలా తెలిసింది?
2. మీ వీధిలో నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి? అర్జీ ఎవరికి రాయాలి?
3. పైన ఉన్న చీటీని మీ ఇంటి సంగతితో మీరే రాయండి.